కంద పక్కన మాన్‌స్టెరా

మొన్న ఆదివారం మా దొడ్లో మామిడి చెట్టెక్కిన మనీ ప్లాంట్ ఆకు ఒకటి పండి రాలిపోతే మావయ్యగారు దాన్ని తీసుకొచ్చి అరుగు మీద పెట్టి "ఇదేం ఆకమ్మా, దీంతో బియ్యం చెరగొచ్చు" అన్నారు, నేను కుట్టుమిషన్ దగ్గర టేపు తెచ్చి కొలిస్తే పొడుగు 22 అంగుళాలు, వెడల్పు 15 అంగుళాలు వచ్చింది, అరిటాకు గాలికి చీలినట్టు అంచుల్లో చీలికలు కూడా ఉన్నాయి. నిజంగానే చేటంత ఆకు. ఇదే తీగ హైదరాబాద్‌లో మా ఫ్లాట్ వంటింటి కిటికీలో ఒక సాస్ సీసాలో ఆరేళ్ళు ఉంది. ఆరేళ్ళలో ఒక్క ఆకు కూడా నా అరచెయ్యి దాటలేదు. అదే తీగ ముక్క, అదే నేను.

ఆ ఆకు ఫోటో చుట్టాల గ్రూపులో పెట్టిన దగ్గర్నుంచి అందరూ ఒకటే అడుగుతున్నారు, ఇండోర్ మొక్కలు బయట బతుకుతాయా, ఎండకి మాడిపోవా అని. విడివిడిగా చెప్పే బదులు ఒక్కసారి కూర్చుని అంతా రాసేద్దాం అనిపించింది, ఎందుకంటే ఈ మూడేళ్ళలో నేను పోగొట్టుకున్న మొక్కలు కూడా తక్కువేం కాదు, అవి ఎందుకు పోయాయో తెలిసాకే మిగిలినవి ఇలా పెరిగాయి.

మేం అమలాపురం దగ్గర మా అత్తగారి ఊరికి వచ్చేసింది 2022 మార్చిలో. అప్పటికి ఇది ఇంకా తూర్పు గోదావరి జిల్లా, మేం సామాన్లు సర్దుకునే లోపే ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా అయ్యింది. ఫ్లాట్‌లో ఉన్న సామానంతా డీసీఎం వ్యాన్‌లో వేసాం, అందులో 31 కుండీలు నావే. మనీ ప్లాంట్లు, చిల్లుల ఆకుల మాన్‌స్టెరా, రెండు రకాల ఫిలోడెండ్రాన్, సింగోనియం, స్నేక్ ప్లాంట్లు, జెడ్ జెడ్, పీస్ లిల్లీ, అగ్లోనిమాలు, డిఫెన్‌బాచియా, కలాథియా, రబ్బర్ ప్లాంట్, అరెకా పామ్, రెండు ఆంథూరియంలు. ఒక్కోటీ ఒక్కో జీతం రోజున కొనుక్కున్నవి, బాల్కనీ లేని ఫ్లాట్‌లో ఎనిమిదో అంతస్తులో నాకున్న పచ్చదనం అదే. దారి పొడుగునా వ్యాన్ వెనకాలే కార్లో వస్తూ ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ భయపడ్డా.

వచ్చిన మర్నాడే చేసిన తప్పు ఏంటంటే, ఇన్నాళ్ళూ చీకట్లో ఉన్నాయి కదా పాపం, కాస్త ఎండ తగలనీ అని అన్నీ వరసగా వాకిట్లో పెట్టేసా. మార్చి నెలాఖరు. మూడో రోజుకి పీస్ లిల్లీ ఆకులు అప్పడం కాలినట్టు అయిపోయాయి, కలాథియా మొత్తం చుట్టుకుపోయింది, మాన్‌స్టెరా ఆకుల మీద తెల్లగా పెద్ద పెద్ద మచ్చలొచ్చి తర్వాత అవి గోధుమ రంగుకి మారాయి. నీళ్ళు చాల్లేదేమో అనుకుని ఇంకా పోసా, వేర్లు కూడా కుళ్ళాయి. ఏడుపొచ్చింది.

తర్వాత అర్థమైన లెక్క ఇది. గదిలో కిటికీకి కొంచెం దూరంగా ఉన్న చోట వెలుతురు కొన్ని వందల లక్స్ ఉంటుంది, బయట మిట్టమధ్యాహ్నం ఎండలో అది లక్ష లక్స్ దాకా వెళ్తుంది. అంటే వందల రెట్లు. మన కళ్ళు ఎంత వెలుతురు ఉంటే అంతకి సర్దుకుపోతాయి కాబట్టి గదిలో కూడా బానే వెలుగుందిలే అనిపిస్తుంది, కానీ ఆకు అలా సర్దుకోలేదు, గదిలో పుట్టిన ఆకు పల్చగా వెడల్పుగా ఉన్న కాస్త వెలుతురునీ పట్టుకోడానికి తయారైన ఆకు, దాని మీద ఒక్కసారిగా అంత ఎండ పడితే లోపలి పచ్చదనమే కాలిపోతుంది. ఒకసారి కాలిన ఆకు మళ్ళీ పచ్చబడదు. బయట పుట్టే కొత్త ఆకు మాత్రం మందంగా, ఆ వెలుతురుకి తగ్గట్టే పుడుతుంది. అందుకే ఇప్పుడు ఏ మొక్క తెచ్చినా ముందు పది రోజులు వరండాలో, తర్వాత పది రోజులు చెట్టు నీడలో, ఆ తర్వాతే నేలలోకి. పాత ఆకులు రెండు మూడు పోతాయి, పోనివ్వాలి.

అసలు సంగతి నాకు చెప్పింది మాత్రం మా అత్తయ్యగారు. కాలిపోయిన డిఫెన్‌బాచియా ఆకులు ఆవిడ కోసి పారేస్తుంటే ఆ రసం తగిలి చేతులు దురద పెట్టాయి, చింతపండు పిసికి రాసుకుంటూ "ఏంటమ్మాయ్ ఇది, కందలా దురద పెడతంది, కంద జాతేనా ఏంటి" అన్నారు. నేను ఏదో మాటవరసకి అన్నారనుకున్నా. రాత్రి కూర్చుని చూస్తే నిజంగానే మన కంద, చేమ, డిఫెన్‌బాచియా, మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్, మనీ ప్లాంట్, సింగోనియం, పీస్ లిల్లీ, ఆంథూరియం, అగ్లోనిమా, జెడ్ జెడ్ అన్నీ ఒకటే కుటుంబం, ఆరేసీ. ఆ దురద కూడా ఒకటే, ఆకుల్లో దుంపల్లో సూదుల్లా ఉండే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాల వల్ల వచ్చేది. కంద కోసేటప్పుడు చేతికి నూనె రాసుకునేదీ, చింతపండు వేసి ఉడికించేదీ దీని కోసమే. ఏడాదికి ఎన్నిసార్లు తిన్నానో కందబచ్చలి కూర, ఆవ పెట్టి. ఇంట్లో కుండీలో ముద్దుగా పెంచుకుంటున్నది దాని చుట్టాల్నే అని మాత్రం నాకు తట్టనే లేదు.

ఆ మాటతో నా ఆలోచన మొత్తం మారిపోయింది. అత్తయ్యగారు 40 ఏళ్ళ నుంచి కొబ్బరి చెట్ల మధ్య కంద, చేమ, పసుపు పండిస్తున్నారు. కందకి ఎంత నీడ కావాలో, ఎంత తడి కావాలో, నీళ్ళు నిలబడితే ఏమవుతుందో, పశువుల ఎరువు ఎప్పుడెయ్యాలో ఆవిడకి చేతుల్లో ఉంది. నేను ఇంటర్నెట్‌లో వెతుక్కుంటున్న సమాధానాలన్నీ దొడ్లోనే ఉన్నాయి. అసలు వీటికి ఇండోర్ మొక్కలని పేరు పెట్టింది అమ్మేవాళ్ళు. మాన్‌స్టెరాది దక్షిణ మెక్సికో నుంచి పనామా దాకా ఉన్న వాన అడవులు, మనీ ప్లాంట్ పసిఫిక్ సముద్రంలో ఫ్రెంచ్ పాలినేషియాలోని మోరియా అనే దీవిది, ఆంథూరియం కొలంబియా, ఈక్వెడార్ వైపుది, అగ్లోనిమా ఆగ్నేయాసియాది. అన్నీ పెద్ద చెట్ల కింద, ఆకుల సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా పడే వెలుతురులో, కుళ్ళిన ఆకుల మెత్తటి నేలలో, చెమ్మగాలిలో పుట్టినవి. కోనసీమ కొబ్బరి తోటలో ఉన్నది కూడా ఇదే కదా!

కొబ్బరి తోట నీడలో కూడా తేడా ఉంది, ఇది తోటలున్న వాళ్ళకి తెలిసిందే. చెట్టు చిన్నగా ఉన్న మొదటి ఏడెనిమిదేళ్ళు కింద బోలెడు ఎండ పడుతుంది, ఆ తర్వాత పాతికేళ్ళు వచ్చేదాకా మట్టలన్నీ కమ్ముకుని కింద బాగా చీకటి, అప్పుడు అంతర పంటలు సరిగ్గా రావు, పాతికేళ్ళు దాటి చెట్టు పైకి వెళ్ళిపోయాక మళ్ళీ కిందకి వెలుతురు దిగుతుంది. మా తోట చెట్లు దాదాపు అన్నీ 1996 నవంబర్ 6 తుఫాను తర్వాత వేసినవి. ఆ రాత్రి సంగతి ఇక్కడ ఎవర్ని కదిపినా చెప్తారు, కోనసీమలో లక్షల కొబ్బరి చెట్లు పడిపోయాయి, మావయ్యగారి తోటలో నిలబడింది తొమ్మిదే చెట్లు. మర్నాడు పొద్దున్న ఇంటి గుమ్మంలోంచి చూస్తే అవతలి ఊరు కనపడిందట, మధ్యలో చెట్టన్నది లేక. 97, 98లలో ఇంటిల్లిపాదీ మోసుకొచ్చి నాటిన మొలకలు ఇప్పుడు పాతికేళ్ళు దాటాయి, నా కుండీలు వచ్చేసరికి ఆ నీడ సరిగ్గా వీటికి కావాల్సినంత పల్చబడింది. నేను మొక్కలు తెచ్చాను గానీ ఆ నీడ మాత్రం వాళ్ళు పెట్టింది, దాన్ని తల్చుకోకుండా ఉండలేను.

ఇక నాటడం. జూన్ మొదట్లో మృగశిర కార్తె రాగానే నాటుదాం అని రోహిణి అంతా వాటిని వరండాలో తడిపిన గోనెపట్టా మీద పెట్టి కాపాడుకున్నా. రోహిణికి రోళ్ళు పగులుతాయంటారు కదా, ఇక్కడ గాలిలో చెమ్మ వల్ల మొక్కకి అంత కష్టం లేదు గానీ లేత వేర్లకి ఆ వేడి మంచిది కాదు. చినుకులు పడ్డాక మొదలెట్టా. కొబ్బరి చెట్టు మొదట్లో తవ్వకూడదు, దాని వేర్లు చాలా మటుకు మొదలు చుట్టూ ఆరడుగుల లోపే ఉంటాయి, ఎరువు వేసే పాదు కూడా అదే, అక్కడ తవ్వితే చెట్టుకి దెబ్బ, పైగా ఎండు మట్ట రాలితే సరిగ్గా అక్కడే పడుతుంది, నా మొదటి ఫిలోడెండ్రాన్ అలాగే నడుం విరిగి పోయింది. కాబట్టి నాలుగు చెట్ల మధ్య ఖాళీలో నాటాలి. అడుగున్నర గొయ్యి, అందులో అడుగున కొబ్బరి డొక్కలు పీచు పైకి ఉండేలా ఒక వరస, దాని మీద మాగిన పశువుల ఎరువు కలిపిన మట్టి. డొక్క వానాకాలం నీళ్ళు పీల్చుకుని ఎండాకాలం నెమ్మదిగా వదుల్తుంది, తోటల్లో ఇది పాత పద్ధతే. నర్సరీ నుంచి వచ్చిన మొక్కలైతే వేర్ల చుట్టూ కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, ముద్దలా ఉంటుంది, దాన్ని అలాగే పాతేస్తే వేర్లు ఆ ముద్దలోనే తిరుగుతాయి తప్ప మన మట్టిలోకి రావు, వేళ్ళతో సున్నితంగా విడదీసి నాటాలి.

మాన్‌స్టెరా గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే అదంటే నాకు ప్రాణం. ఫ్లాట్‌లో ఉన్నప్పుడు దానికి చిల్లుల్లేని ఆకులే వచ్చేవి, వచ్చిన ప్రతి ఆకూ నిరాశే. ఇది నిజానికి చెట్టెక్కే తీగ. ఎక్కడానికి ఆసరా, తగినంత వెలుతురు దొరికి మొక్క ముదిరితేనే చిల్లులు, చీలికలు వస్తాయి. ఆ చిల్లులు ఎందుకనే దానికి రకరకాల వివరణలు చెప్తారు, నాకు నచ్చింది ఏంటంటే అడవిలో ఎండ చుక్కల్లా పడుతూ చోటు మారుతూ ఉంటుంది, అంతే ఆకు సరుకుతో చిల్లులు వదిలి ఇంకా వెడల్పుగా పరుచుకుంటే ఏదో ఒక చుక్క దొరక్కపోదు. ఇంకో వింత, మాన్‌స్టెరా జాతిలో కొన్నింటి మొలకలు వెలుతురు వైపు కాకుండా చీకటి వైపు పాకుతాయి, అడవిలో బాగా చీకటిగా కనపడేది లావుపాటి చెట్టు మొదలే కాబట్టి అలా పాకితే ఎక్కే చెట్టు దొరుకుతుంది. ఇది చదివిన రోజు ఎంతసేపు దాని దగ్గరే కూర్చున్నానో.

నాదాన్ని పాడుబడ్డ మోటు తాటి స్తంభం ఒకటి ఉంటే దాని పక్కన పెట్టా. మొదటి నాలుగు నెలలు ఏం లేదు. తర్వాత కాండం నుంచి తాళ్ళలా వేర్లు దిగి స్తంభాన్ని పట్టుకున్నాయి, అక్కడి నుంచి ప్రతి ఆకూ ముందు ఆకు కన్నా పెద్దదే. ఇప్పుడు ఆకు రెండున్నర అడుగులుంది, నడి ఈనె పక్కన చిన్న చిల్లుల వరస కూడా వస్తోంది. ఇంకా పూత రాలేదు. దీని పండు తింటారు, పువ్వు నుంచి పండు మాగడానికి ఇంచుమించు ఏడాది పడుతుంది, పచ్చిది మాత్రం నోరు కోసేస్తుంది, కందే కదా మరి.

మనీ ప్లాంట్‌ది కూడా ఇదే కథ. కిందకి వేలాడదీస్తే ఆకులు చిన్నవైపోతూ ఉంటాయి, పైకి ఎక్కిస్తే పెద్దవవుతాయి. మనందరం దాన్ని సీసాలో పెట్టి కిందకి వేలాడదీసి పెంచుతాం, ఇంకొకరింట్లో దొంగిలించి తెస్తేనే కలిసొస్తుందని కూడా అంటాం. కిందకి వేలాడే తీగ అంటే అడవిలో ఆసరా పోగొట్టుకుని ఇంకో చెట్టు కోసం వెతుక్కుంటున్న తీగ అన్నమాట, అది ఆకుల మీద ఖర్చు పెట్టదు. ఇది పూలు పూయడం కూడా మనలో ఎవరూ చూసి ఉండరు, పూతకి కావాల్సిన జిబ్బరెల్లిన్ అనే హార్మోన్‌ని అది సరిగ్గా తయారు చేసుకోలేదని 2016లో తేల్చారు. అంటే ప్రపంచంలో ఇన్ని కోట్ల ఇళ్ళలో ఉన్నదంతా కొమ్మ ముక్కల నుంచి ముక్కలుగా వచ్చిందే, నా సాస్ సీసాలోదీ, మీ ఇంట్లోదీ.

దాన్ని మొదట కొబ్బరి చెట్టు మీదకే ఎక్కించా. అత్తయ్యగారు ఒప్పుకోలేదు, బదనికలా చెట్టుని పీల్చేస్తుందని. అది బదనిక కాదు, ఆ వేర్లు బెరడుని పట్టుకోడానికే, చెట్టు లోపలికి దిగి సారం పీల్చవు అని చెప్పా, మిరియాల తీగ కూడా అలాగే కదా ఎక్కేది అంటే ఆవిడ ఊరుకున్నారు. కానీ రెండు నెలలకోసారి కాయ దింపడానికి వచ్చే అబ్బాయి చెప్పిన మాట మాత్రం నేను తీసెయ్యలేకపోయా. "అమ్మగారూ, ఆ తీగ మీద కాలేస్తే జారిపోద్దండి, ఆకు సందులో పామున్నా నాకు కనపడదండి, ఆయ్" అన్నాడు. 50 అడుగుల చెట్టు ఎక్కే మనిషి ప్రాణం కన్నా నా తీగ ఎక్కువ కాదు, ఆ సాయంత్రమే కొబ్బరి చెట్ల మీద ఉన్నదంతా లాగేసి కొత్తపల్లి కొబ్బరి మామిడి మొదట్లో పెట్టా. మామిడి బెరడు గరుగ్గా ఉంటుంది, తీగ ఇంకా బాగా పట్టుకుంది. తోటలున్న వాళ్ళు దయచేసి ఇది గుర్తు పెట్టుకోండి, దింపు తీసే చెట్లకి ఏ తీగా వద్దు.

2022 జులైలో గోదావరికి వరదొచ్చింది, భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, లంక గ్రామాలు మునిగిపోయాయి. మాది లంక కాదు, కానీ వారం పది రోజులు తోటలో మురుగు కదల్లేదు. అప్పటికి నాటి నెల కూడా కాలేదు. మనుషుల కష్టం ముందు మొక్కల గురించి మాట్లాడ్డం తప్పనిపించి అప్పుడు ఎవరికీ చెప్పలేదు గానీ, నీళ్ళు తీసాక చూస్తే జెడ్ జెడ్‌లన్నీ, స్నేక్ ప్లాంట్లలో సగం మెత్తగా కుళ్ళిపోయాయి. ఈ రెండింటిదీ ఆఫ్రికా, ఒకటి తూర్పున ఒకటి పడమర. జెడ్ జెడ్‌కి మట్టిలో బంగాళదుంపల్లాంటి దుంపలుంటాయి, నీళ్ళు అందులో దాచుకుంటుంది, కరువుకి తయారైన మొక్క, దాన్ని ఒండ్రు మట్టిలో ముంచితే ఇంకేముంది. సింగోనియం మాత్రం ఆ నీళ్ళలోనే హాయిగా ఉంది, పీస్ లిల్లీ అయితే నీళ్ళు తీసిన నెలకి ఏడు పువ్వులు పూసింది, అది నా చేతిలో ఫ్లాట్‌లో ఒక్కసారి కూడా పూయలేదు.

అప్పటి నుంచి స్నేక్ ప్లాంట్లు, జెడ్ జెడ్ అన్నీ పాత ఇల్లు విప్పినప్పటి పెంకు ముక్కలు, ఇసక పోసి రెండడుగుల ఎత్తు దిబ్బ చేసి దాని మీద పెట్టా. మన తూర్పు తీరం పొదల్లో పెరిగే చాగనార కూడా స్నేక్ ప్లాంట్‌కి దగ్గర చుట్టమే, వెనకటికి దాని నార తీసేవాళ్ళు, మావయ్యగారు చూడగానే గుర్తుపట్టారు. ఆంథూరియం సంగతి ఇంకోలా ఉంటుంది, అది చాలా మటుకు చెట్ల కొమ్మల మీద బతికే రకం, మట్టిలో పెడితే వేర్లకి గాలాడక పోతుంది. కొబ్బరి డొక్కల్ని అంగుళం ముక్కలు కోసి రెండు మూడు రోజులు నీళ్ళలో నానబెట్టి, ఆ ఎర్రటి నీళ్ళు పారబోసి, మళ్ళీ కడిగి ఆ ముక్కల్లో పెట్టాలి. అరెకా పామ్ మడగాస్కర్‌ది, అది ఎండలో కూడా ఉంటుంది, బావి పక్కన రెండేళ్ళలో పదడుగులు దాటింది. కలాథియా మటుకు బోరు నీళ్ళకి అంచులు మాడ్చుకుంటుంది, మా బోరు కాస్త ఉప్ప, అందుకే దానికి డ్రమ్ములో పట్టిన వాన నీళ్ళే పోస్తా.

పోయిన వాటి బదులు కొత్తవి తేవడానికి కడియం వెళ్ళా. రావులపాలెం మీదుగా హైవే ఎక్కితే కడియపులంక దాకా వెళ్ళిపోవచ్చు, రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే. బయటి వరసల్లో ఇండోర్ ప్లాంట్స్ అని బోర్డులుంటాయి, లోపలికి నడుచుకుంటూ వెళ్తే అవే మొక్కలు వేలకి వేలు షేడ్ నెట్ కింద నేల మీద, కొన్ని చోట్ల కొబ్బరి చెట్ల కిందే, బయట గాలిలో పెరుగుతున్నాయి. దేశంలో ఎక్కడెక్కడి ఆఫీసు గదుల్లోకో వెళ్ళే మొక్క గోదావరి గట్టున ఆరుబయట పుట్టి పెరిగిందే. నేను హైదరాబాద్‌లో కొన్నవి కూడా ఇక్కడి నుంచి వెళ్ళినవే అయ్యుండొచ్చు అనుకుంటే వాటిని ఇంటికి తీసుకొచ్చినట్టే అనిపించింది.

పురుగుల విషయానికొస్తే వానాకాలం నత్తలదే బాధ, రాత్రి టార్చ్ వేసుకుని ఏరడం తప్ప మార్గం లేదు, ఉప్పు చల్లకండి, మట్టి పాడవుతుంది. పిండినల్లికి లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్ళు, సాయంత్రం పూట. బయట గాలీ వానా తగిలే మొక్కకి అసలు ఇంట్లో పట్టినంత పట్టవు.

కొన్ని మాత్రం నేను నేలలో పెట్టలేదు, మిమ్మల్నీ పెట్టొద్దంటాను. రబ్బర్ ప్లాంట్ కుండీలో బుద్ధిగా ఉంటుంది, అది నిజానికి మర్రి జాతి మహావృక్షం, మేఘాలయలో వాగుల మీద బతికున్న వేర్ల వంతెనలు చేసేది దీని వేర్లతోనే, అలాంటిదాన్ని గోడ పక్కన నాటితే గోడ ఉండదు. మావయ్యగారు దాన్ని చెరువు గట్టు మీద పెద్ద ఖాళీ స్థలంలో పెట్టమన్నారు, ఇంకా కుండీలోనే ఉంది. ఇంక సింగోనియం, మనీ ప్లాంట్ కత్తిరించిన ముక్కలు కాలవ గట్టున పడెయ్యకండి. ఒక్క కణుపు చాలు పాకడానికి, మనీ ప్లాంట్ శ్రీలంక, హవాయి అడవుల్లో నేలంతా కప్పేసి అక్కడి మొక్కల్ని రానివ్వట్లేదు. మన కాలవల్లో గుర్రపుడెక్క కూడా ఎవరో పువ్వు అందంగా ఉందని ఎక్కడో దక్షిణ అమెరికా నుంచి తెచ్చిందే, ఏటా దాన్ని తీయలేక చస్తున్నాం. నేను ముక్కలన్నీ ఎండబెట్టి, పూర్తిగా చచ్చాయని చూసుకున్నాకే ఎరువు గుంటలో వేస్తా.

చిన్న పిల్లలున్న ఇళ్ళలో డిఫెన్‌బాచియా చేతికందేలా వద్దు, దూడలకీ మేకలకీ అందకుండా కూడా చూసుకోవాలి. నమిలితే నాలుక, గొంతు వాచిపోతుంది, అలా జరిగితే వెంటనే నోరు కడిగించి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

హైదరాబాద్‌లో మా చెల్లికి ఇదంతా చెప్తే వాళ్ళ ఇండిపెండెంట్ ఇంట్లో కూడా చేస్తానంది. అక్కడ కష్టం ఎండ కన్నా పొడి గాలి. ఏప్రిల్, మే మధ్యాహ్నాలు గాలిలో చెమ్మ అస్సలుండదు, కలాథియా, ఆంథూరియం లాంటివి దానికి తట్టుకోలేవు. వేప చెట్టో ఏదో నీడ ఉండి, మీద 75 శాతం షేడ్ నెట్ కట్టి, మొక్కలన్నీ ఒకే చోట గుంపుగా పెట్టి కింద ఆకుల పరుపు వేస్తే స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్, సింగోనియం, అరెకా హాయిగా ఉంటాయి, దానికి అవే ఇచ్చా. డల్లాస్‌లో ఉన్న మా బావగారి అమ్మాయి అయితే కుండీలతోనే బయట పెడుతుంది, రాత్రి ఉష్ణోగ్రత 10, 12 డిగ్రీల పైన నిలకడగా ఉన్నన్నాళ్ళే బయట, చలి మొదలవ్వగానే పురుగులు చూసుకుని లోపలికి. అక్కడ నేలలో పెట్టినవి చలికాలం దాటవు. కోనసీమలో జనవరి రాత్రి కూడా 18 దగ్గరే ఉంటుంది, ఆ అమ్మాయి ఫోన్ చేసినప్పుడల్లా మీ ఊరు అదృష్టవంతురాలు పిన్నీ అంటుంది.

ఈ ఏడు మే నెలాఖర్లో అత్తయ్యగారు కంద ముక్కలు నాటుతూ మాన్‌స్టెరా స్తంభం పక్కన ఖాళీ ఉంది కదా అని అక్కడ కూడా నాలుగు గుంటలు పెట్టారు. ఇప్పుడు కంద గొడుగులు విప్పుకుని నిలబడింది, దాని వెనక మాన్‌స్టెరా, చూసినవాళ్ళు రెండూ మేం కావాలని జతగా పెట్టామనుకుంటున్నారు. సంక్రాంతి వెళ్ళాక ఆ కంద తవ్వాలి. మాన్‌స్టెరా వేర్లు అప్పటికి అక్కడిదాకా పాకేస్తాయి, అవి తెగకుండా గునపం ఏ వైపు నుంచి వెయ్యాలా అని ఇద్దరం రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని చూస్తున్నాం, ఆవిడ తూర్పు వైపు నుంచి అంటున్నారు, నాకు మటుకు గునపమే వద్దు చేత్తోనే తవ్వుదాం అనుంది.